పిడుగుకి ఇంటర్‌కామ్ కాలిపోయింది. కోల్డ్ స్టోరేజీకి మళ్లీ అదే పెట్టాలా, క్లౌడ్‌కి వెళ్లాలా?

ఏసీ_గుమాస్తా:

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర, నరసరావుపేట రోడ్డులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. మా వైపు దాన్ని ఏసీ అంటాం, అందుకే ఆ పేరు. పంతొమ్మిదేళ్లుగా ఇదే కుర్చీ. ట్యాలీ గురించి ఏమడిగినా చెబుతాను గానీ, టెలిఫోన్ గురించి నాకు తెలిసింది రింగైతే ఎత్తడం ఒక్కటే.

పోయిన మంగళవారం సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు. రోడ్డవతల తాటిచెట్టు మీద పిడుగు పడింది. కరెంటు పోయి, పది నిమిషాల్లో వచ్చింది. ఫోన్లు మాత్రం రాలేదు. గోడకి తగిలించిన ఇంటర్‌కామ్ డబ్బా దగ్గరికి వెళ్తే కాలిన ప్లాస్టిక్ వాసన. మా ఆఫీసులో వేరే వాసన తెలియడమే కష్టం, మిర్చి ఘాటుకి కొత్తవాళ్లు తుమ్ముతూనే ఉంటారు. అందులో కూడా తెలిసిందంటే ఏ మాత్రం కాలిందో చూసుకోండి.

ఆ డబ్బాకి మూడు బయటి లైన్లు, 16 ఎక్స్‌టెన్షన్లు. గేటు, కాటా, ఆఫీసులో నాలుగు, మా పెద్దాయన (ఏసీ యజమాని) గది, ఇంజిన్ రూమ్, ఆరు చాంబర్ల బయట వరండాల్లో ఒక్కోటి, హమాలీల షెడ్డు, ఆపరేటర్ల క్వార్టర్స్. మూడు లైన్లలో ఒకటి కాపర్, ఏడాది క్రితమే చచ్చింది. మిగతా రెండిటినీ అదే నంబర్లతో ఫైబర్‌కి మార్చారు.

"అందరి దగ్గరా సెల్లులున్నాయి కదా, ఇంకా ఇంటర్‌కామ్ ఏంటి" అని మా చిన్నాయన, అంటే చిన్న యజమాని, అంటాడు. అమెరికాలో చదివి వచ్చినవాడు, తెలివైనవాడే. కానీ చాంబర్‌లోకి వెళ్తే సిగ్నల్ సున్నా. చలి బయటికి పోకుండా కట్టిన గోడలవి, టవర్ సిగ్నల్‌ని మాత్రం లోపలికి రానిస్తాయా? వరండాలో కూడా నిలబడే చోటుని బట్టి ఒక గీత, అదీ ఒక్కోసారి.

ఇప్పుడు మిర్చి మార్కెట్ యార్డు వేసవి సెలవులు అయిపోయి ఏసీ సరుకు బయటికి వెళ్లే రోజులు. కమీషన్ ఏజెంట్ ఫోన్ చేస్తాడు: "ఫలానా రైతువి 120 టిక్కీలు (బస్తాలు) తీయించండి, లారీ బయల్దేరింది." నేను రిజిస్టర్‌లో బాండు (సరుకు దాచినందుకు మేమిచ్చే రసీదు) చూసి, లాట్ నంబరు పై అంతస్తు మేస్త్రికి ఇంటర్‌కామ్‌లో చెబుతాను. ఆయన తిరిగి చదివి వినిపిస్తాడు, అప్పుడు హమాలీలు బస్తా కదుపుతారు. ఆరు రోజులుగా చీటీ ఇచ్చి కుర్రాణ్ణి పరిగెత్తిస్తున్నాం. నిన్న చీటీ తడిసి, నోటితో చెప్పాడు. 418 కాస్తా 481 అయింది. తేజ రకం మిర్చి దిగాల్సిన చోట 341 అనే రకం దిగింది. లారీకి సగం ఎత్తాక, కాటా బాబు బస్తా మూతి దగ్గర కాయ రంగు చూసి కేకేశాడు కాబట్టి సరిపోయింది. 56 బస్తాలు దించి మళ్లీ పైకి. హమాలీల కూలి రెండింతలు, పెద్దాయన చూపు అదనం.

నా ముందున్నవి మూడు దారులు. రిపేరు చేసే అతను రెండు కార్డులు, పవర్ సప్లై పోయాయంటున్నాడు. పాత స్పేర్లు తెచ్చి వేస్తాడట, గ్యారంటీ ఇవ్వడు. గుంటూరులో ఒక డీలర్ అంతా ఐపీ ఫోన్లతో (కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ మీద నడిచేవట) 1 లక్షా 90 వేలకి కొటేషన్ ఇచ్చాడు. చిన్నాయన మాట క్లౌడ్, అంటే మన దగ్గర డబ్బా లేకుండా ఇంటర్నెట్ మీద వేరే కంపెనీ నడిపే ఎక్స్ఛేంజ్, నెలనెలా అద్దె. పెద్దాయన ఒక్కటే అంటున్నాడు, నంబరు మారకూడదు. "ఆ నంబరు రైతు ఇంట్లో గోడ మీద బొగ్గుతో రాసి ఉంటుందిరా."

ఇంకో చిన్న సందేహం. మా కాటా దగ్గరి ఫోన్ నుంచి ల్యాండ్‌లైన్లకి వెళ్లేది గానీ సెల్లులకి వెళ్లేది కాదు. నాలుగైదేళ్ల నుంచి ఇంతే. అది కూడా ఆ డబ్బా జబ్బేనా?

పింగ్_కుర్రాడు:

అన్నా, మాదాపూర్‌లో ఒక 60 మంది ఆఫీసుకి నెట్‌వర్క్ చూస్తాను. పాత స్పేర్లతో రిపేరు మాత్రం వద్దు. మళ్లీ ఉరిమితే మళ్లీ ఇదే పోస్టు పెడతావు.

ఐపీ పీబీఎక్స్ పెట్టుకో, అంటే నెట్‌వర్క్ మీద నడిచే ఆఫీసు ఎక్స్ఛేంజ్. భయపడేంత వస్తువు కాదు, చిన్న కంప్యూటర్ లాంటిది. ఏ కాల్ ఎక్కడికి వెళ్లాలో బ్రౌజర్‌లో సెట్ చేసుకుంటావు. చాలావాటి లోపల నడిచేది ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేరే. 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా కుర్రాడు లైనక్స్ సపోర్ట్ కంపెనీ పెట్టి, ఆఫీసుకి ఎక్స్ఛేంజ్ కొనే డబ్బుల్లేక తనే రాసుకున్నాడు. పాత కంప్యూటర్ ఉంటే ఆస్టరిస్క్‌ని బ్రౌజర్‌లో నడిపించే ఫ్రీపీబీఎక్స్ వేసి ఇంట్లోనే ఆడుకుని చూడొచ్చు. కానీ ఆఫీసుకి మాత్రం రెడీమేడ్ డబ్బా కొను. నువ్వు సెలవు పెట్టిన రోజు ఇంకొకళ్లు రీస్టార్ట్ చేయగలగాలి కదా.

బ్యాండ్‌విడ్త్ గురించి టెన్షన్ వద్దు. మాటని డేటాగా మార్చే మామూలు జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కి అటూ ఇటూ చెరో 90 కిలోబిట్లు కూడా పట్టదు. పది కాల్స్ ఒకేసారి నడిచినా ఒక ఎంబీపీఎస్ దాటదు.

రెండు జాగ్రత్తలు మాత్రం నా వీపు మీద వాతలు పడ్డాక నేర్చుకున్నవి. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, సాయం చేస్తానని చెప్పి ప్యాకెట్లలోని అడ్రసులు చెడగొడుతుంది. అవతలివాళ్ల మాట మనకి వినిపిస్తుంది, మన మాట వాళ్లకి పోదు. మా ఆఫీసులో రెండు రోజులు హెడ్‌సెట్లు మార్చాం దాన్ని పట్టుకోలేక. అది ఆపేయాలి. రెండోది, కాల్స్ కలపడానికి వాడే 5060 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకు. నేను ఒకసారి టెస్టింగ్ అని తెరిచి, ఎక్స్‌టెన్షన్ 1001కి పాస్‌వర్డ్ కూడా 1001 అని ఇచ్చి ఇంటికెళ్లిపోయా. పొద్దున వచ్చి లాగ్ చూస్తే రాత్రంతా ఎవరో ఏవేవో దేశాలకి డయల్ చేస్తూనే ఉన్నారు. ఐఎస్‌డీ మూసి ఉంది కాబట్టి ఉద్యోగం మిగిలింది.

క్రోన్_పెట్టె:

గుమాస్తా గారూ, విజయవాడలో 27 ఏళ్లుగా ఇంటర్‌కామ్‌లు వేస్తున్నాను. మొదట్లో స్తంభాలెక్కాను, ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక మనుషుల్ని ఎక్కిస్తున్నాను.

ముందు మీ కాటా ఫోను సంగతి. అది జబ్బు కాదు, ప్రభుత్వం మార్చిన రూలు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌ నుంచి సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. మీ డబ్బా వేసినవాడు కాటా ఫోనుకి ఎస్‌టీడీ లాక్ పెట్టి ఉంటాడు. అంటే, లైను తీసుకున్నాక మొదటి అంకె సున్నా అయితే ఆపెయ్ అని. అప్పట్లో సెల్ నంబర్లు 9తో మొదలయ్యేవి, వెళ్లిపోయేవి. రూలు మారిన రోజు నుంచి ప్రతి సెల్లూ సున్నాతోనే మొదలు, లాక్ పట్టేసుకుంది. ప్రోగ్రామింగ్‌లో రెండు నిమిషాల పని. ఆ ఏడాది సంక్రాంతి అయిన దగ్గర్నుంచి నాకు ఇవే ఫోన్లు, "మా డబ్బా పాడైంది, రండి" అని. లైనుకి సున్నా, సెల్లుకి ఇంకో సున్నా, రెండుసార్లు కొట్టండయ్యా అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

ఇక పిడుగు. మీ పోస్టులో ఒక మాట దగ్గర ఆగాను. బయటి లైన్లు రెండూ ఫైబర్ అన్నారు. ఫైబర్ అంటే గాజు, అందులోంచి పిడుగు రాదు. చచ్చిన కాపర్ తీగ ఇంకా డబ్బాకి తగిలించే ఉంటే అదొక అనుమానం, అదైతే ముందు పీకి పారేయండి. కానీ నా అసలు అనుమానం వేరే. మీ ఇంజిన్ రూమ్ ఆఫీసుకి ఎంత దూరం? కేబుల్ భూమిలో ఉందా, గాలిలో వేలాడుతోందా? కాలిన కార్డుల్లో ఏ ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో చెప్పండి. అది తెలియకుండా ఏ డబ్బా కొన్నా పిడుగుకి ఇంకో పలహారం పెట్టినట్టే.

పింగ్ తమ్ముడూ, నువ్వు చెప్పింది మంచిదే. కానీ ఏసీ కారిడార్ నీ మాదాపూర్ ఆఫీసు కాదు. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటితే పనిచేయదు, మామూలు టెలిఫోన్ జత తీగ కిలోమీటరు లాగినా మాట్లాడుతుంది. చాంబర్ వరండాలో తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి, వేడిగాలి కలిసి గోడలకి చెమట పడుతుంది. అక్కడ ఏడు వేల ఐపీ ఫోన్ పెడితే రెండు వర్షాకాలాలు బతికితే గొప్ప. ఏడెనిమిది వందల మామూలు ఫోన్ పెట్టు, పోతే ఇంకోటి తగిలిస్తాం. పైగా హమాలీ మిర్చి చేతులతో పట్టుకునే రిసీవర్ అది.

రిసెప్షన్_మేడమ్:

కాకినాడలో పళ్ల డాక్టర్ గారి క్లినిక్. రెండు బ్రాంచీలు, ఆరుగురం. మేం రెండేళ్ల నుంచి క్లౌడ్‌లోనే ఉన్నాం, అందుకని చెబుతున్నాను.

మాకు బాగానే కుదిరింది. కాల్ వస్తే ఇద్దరి సెల్లుల్లో ఒకేసారి మోగుతుంది, ఎవరు ఎత్తితే వాళ్లు. ఎత్తని కాల్స్ చిట్టా సాయంత్రం కనిపిస్తుంది. ఉద్యోగం మానేసిన అమ్మాయి తన సెల్ నంబరుతో పాటు మా పేషెంట్లని పట్టుకుపోయే బాధ తప్పింది. అందుకే మొదలుపెట్టాం అసలు.

తలనొప్పి ఎక్కడొచ్చిందంటే, మేం తిరిగి చేస్తే వాళ్లకి వేరే నంబరు కనిపించేది. లోను వాళ్లో క్రెడిట్ కార్డు వాళ్లో అనుకుని కట్ చేసేవారు. రెండోది ఆ "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి". మొదట కంప్యూటర్ గొంతు పెట్టారు, "అపాయింట్‌మెంట్ కొరకు" అంటుంటే నాకే నవ్వొచ్చేది. పెద్దవాళ్లు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని "ఆఁ, పన్ను నొప్పమ్మా" అని ఆ గొంతుకే చెప్పుకునేవారు. రికార్డింగులు వింటే పాపమనిపించింది. తర్వాత నేనే ఎనిమిది సెకన్లలో చెప్పి రికార్డు చేశాను, ఏమీ నొక్కకపోయినా నాకే వచ్చేటట్టు పెట్టించాను. రికార్డు చేస్తున్నట్లయితే ముందు ఆ మాట కూడా చెప్పాలి అన్నయ్యా, మర్చిపోకండి.

మీ దగ్గర సిగ్నలే లేదంటున్నారు కాబట్టి లోపలి మాటలకి క్లౌడ్ పనికిరాదు. బయటినుంచి వచ్చే వాటికైనా కావాలా అని చూడాలంటే, మూడు రోజులు కాగితం మీద గీతలు గీయండి. ఎవరు చేశారు, దేనికి చేశారు, ఎవరు ఎత్తారు. మా డాక్టర్ గారు నాతో అదే చేయించారు.

ఏసీ_గుమాస్తా:

మేడమ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఒక లైన్‌కి నేరుగా మామూలు ఫోన్ తగిలించి నా బల్ల మీద పెట్టుకుని, పాత క్యాలెండర్ వెనక గీతలు గీశాను. మూడు రోజుల్లో 143 కాల్స్. అందులో 61 "చాంబర్ నుంచి సరుకు తియ్యాలి, లారీ వచ్చిందా, కాటా అయిందా". అవన్నీ ఏజెంట్లు. 38 మంది రైతులు, "ఇవాళ తేజ ఎంత పలికింది" అని. రేటుతో మాకు సంబంధం లేదు, యార్డుకి చేయాలి. అయినా మాకే చేస్తారు, నేనూ చెబుతాను, మానేస్తే బాగుండదు. మిగతావి బ్యాంకు, కరెంటాఫీసు, రాంగ్ నంబర్లు. నేను భోజనానికి వెళ్లిన ముప్పావు గంటలో రోజూ నాలుగైదు మోగి ఆగిపోయాయట. ఈ సంగతి పంతొమ్మిదేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు.

క్రోన్ అన్నా, మీ ప్రశ్నలకి జవాబులు. ఇంజిన్ రూమ్ 180 మీటర్లు. నల్ల కేబుల్ ఒకటి, కరెంటు స్తంభాల మీదుగా గాలిలోనే వెళ్తుంది. గేటుకి వెళ్లే తీగ కూడా దాని వెంటే సగం దూరం వెళ్లి విడిపోతుంది. రిపేరతన్ని అడిగితే కాలిన పోర్టుల మీద మార్కర్‌తో గుర్తులు పెట్టి చూపించాడు. ఇంజిన్ రూమ్, గేటు, క్వార్టర్స్ పోర్టులు బొగ్గు. వాటి పక్కనున్నవి సగం సగం. ఆఫీసులో నాలుగూ, వరండాల ఫోన్లూ ఉన్న కార్డు మీద మచ్చ కూడా లేదు. చచ్చిన కాపర్ తీగ ఎప్పుడో కోసేశారట.

క్రోన్_పెట్టె:

దొరికాడు దొంగ.

పిడుగు పడినప్పుడు తాటిచెట్టు దగ్గర నేల ఒక్కసారిగా వేల వోల్టులకి లేస్తుంది. దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది. మీ ఇంజిన్ రూమ్ దగ్గర ఎర్త్ ఒక మట్టంలో ఉంది, ఆఫీసు ఎర్త్ ఇంకో మట్టంలో ఉంది. రెండు చెరువుల మధ్య కాలవ తవ్వితే ఏమవుతుంది? ఆ కాలవే మీ నల్ల కేబుల్. దారిలో మీ డబ్బా కార్డు అడ్డొచ్చింది. పిడుగు నేరుగా మీ మీద పడక్కర్లేదు.

కాబట్టి ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి రాగి ఉండకూడదు. ఇంజిన్ రూమ్‌కి, గేటుకి ఫైబర్ లాగండి. ఇక్కడ ఇంకో మోసం ఉంది, వినండి. షాపువాడు ఎలుకలు కొరకవని చెప్పి లోపల ఇనుప రేకు చుట్టిన ఫైబర్ ఇస్తాడు. ఆ రేకు కూడా రాగి తీగలాంటిదే, పిడుగుకి అదే దారి. లోహం లేనిది అడగండి, పైపులో వేసి భూమిలో పూడ్చండి. క్వార్టర్స్‌కి ఫైబర్ దండగ, వాళ్లకి సెల్ సిగ్నల్ ఉందిగా, ఆ తీగ పీకేయండి.

బిల్డింగ్ లోపల వరండాలకి పాత తీగలే ఉంచండి. తీగలన్నీ వచ్చి కలిసే క్రోన్ బాక్స్‌ దగ్గర పిడుగు వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించే గ్యాస్ ట్యూబుల ప్రొటెక్షన్ పెట్టి, దాని ఎర్త్ సరిగా చేయించండి. ఉప్పు, బొగ్గు వేసి గొయ్యి తీసి, మీటరు పెట్టి కొలిచి, 5 ఓమ్‌ల లోపు వచ్చిందని కాగితం మీద రాయించుకోండి. ఎలక్ట్రీషియన్ "బాగానే ఉంది సార్" అంటే ఒప్పుకోవద్దు. టెలిఫోన్‌కి వేరే గొయ్యి తీసి, మెయిన్ ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తారు కొందరు. అదీ తప్పే, మళ్లీ రెండు చెరువుల కథే. రెండూ కలపాలి.

ఇంకొక్కటి. చాంబర్ లోపల మనిషి ఉండగా తలుపు పడితే పిలవడానికి ఫోన్ మీద ఆధారపడకండి. లోపలి నుంచి కొట్టే బెల్లు, దాని బ్యాటరీ, దాని తీగ పూర్తిగా వేరేగా ఉండాలి. మీ దగ్గర ఇప్పటికే ఉందనుకుంటాను. లేకపోతే ఇంటర్‌కామ్ కంటే ముందు అది.

పింగ్_కుర్రాడు:

క్రోన్ బాబాయ్, ఫైబర్ లాగాక మీరూ నా దారికే వచ్చేశారు 🙂 ఇద్దరి మాటా కలిపి చెబుతా. గుమాస్తా అన్నా, డీలర్ చెప్పిన 16 ఐపీ ఫోన్లు వద్దు. నాలుగు బయటి లైన్లు పట్టే ఐపీ పీబీఎక్స్ ఒకటి, 16 పోర్టుల ఎఫ్‌ఎక్స్‌ఎస్ గేట్‌వే ఒకటి. గేట్‌వే అంటే మీ పాత ఫోన్లకి డయల్ టోన్ ఇచ్చే డబ్బా. వరండాల తీగలన్నీ దానికి వస్తాయి, ఫోన్లూ పాతవే. ఇంజిన్ రూమ్, గేటు దగ్గర ఫైబర్ చివర వెలుగుని మామూలు నెట్‌వర్క్ తీగకి మార్చే మీడియా కన్వర్టర్, దానికి ఒక చిన్న అడాప్టర్, దానికి మామూలు ఫోన్. అన్నిటికీ యూపీఎస్. ఫైబర్ మోడెంకి కూడా. రాగి లైనుకి కరెంటు ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచే వచ్చేది, మన దగ్గర కరెంటు పోయినా ఫోన్ మోగేది. మోడెం అలా కాదు, కరెంటు పోతే ల్యాండ్‌లైనూ పోయినట్టే.

మిస్ అయిన కాల్స్ చిట్టా పీబీఎక్స్‌లోనే వస్తుంది, దానికోసం క్లౌడ్ అద్దె అక్కర్లేదు. చిన్నాయనకి రోజూ మెయిల్ వెళ్లేలా పెట్టు, ఆయన సంతోషిస్తారు.

క్రోన్_పెట్టె:

చిన్నాయన అమెరికా స్నేహితులు ఎవరైనా "నెట్ మీద ఫోన్ చేస్తాం, మీ డబ్బాలోంచి ఇక్కడి లైన్ మీదికి తిప్పండి, మాకు ఫ్రీ" అంటే మాత్రం వద్దని చెప్పండి. విదేశీ కాల్స్‌ని అలా తిప్పడం నేరం, దొంగ ఎక్స్ఛేంజ్ కింద కేసు పెడతారు. మిగతాదంతా తమ్ముడు సరిగ్గా చెప్పాడు.

ఏసీ_గుమాస్తా:

ఐదు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోవద్దు. మీరిద్దరూ చెప్పినట్టే పెట్టాం. ఫైబర్ గొయ్యి తవ్వకంతో కలిపి లక్షా 30 వేలు దాటింది. డీలర్ చెప్పినదానికంటే తక్కువే, పిడుగు సంగతి డీలర్ ఎత్తనే లేదు. కొత్త ఎర్త్ 2.8 ఓమ్‌లు వచ్చింది, కాగితం ఫైల్లో పెట్టాను. నంబరు మారలేదు. కాటా బాబు మొదటిరోజే వాళ్లావిడ సెల్లుకి చేసి చూసుకున్నాడు.

చాంబర్ బెల్లు గురించి క్రోన్ అన్న అన్నది మనసులో పడి, ఆరూ కొట్టి చూశాను. నాలుగో చాంబర్‌ది మోగలేదు. ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. ఆ రోజే బాగు చేయించాను.

మధ్యలో ఒక తంటా వచ్చింది, ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. అవతలివాళ్లు పెట్టేశాక కూడా లైను ఎంగేజ్‌లోనే ఉండిపోయేది. మధ్యాహ్నానికల్లా రెండు లైన్లూ బిగుసుకుపోయేవి. రీస్టార్ట్ చేస్తే వదిలేది. డబ్బా బిగించినవాళ్లు మోడెం మీద నెట్టారు, మోడెం వాళ్లు డబ్బా మీద నెట్టారు. చివరికి క్రోన్ అన్నకి ఫోన్ చేసి, రిసీవర్‌ని లైన్ దగ్గర పెట్టి వినిపించాను. ఆయన విని, "అవతల పెట్టేశారని డబ్బాకి తెలిసేది ఎంగేజ్ టోన్ వినే. మన ఎంగేజ్ టోన్ ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను మౌనం. నీ డబ్బా అమెరికా టోన్ కోసం చెవి పెట్టుకుని కూర్చుంది, మనది వినపడినా గుర్తు పట్టదు" అన్నారు. పింగ్ తమ్ముడు అంకెలు పంపించాడు: 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు ఆన్, 750 ఆఫ్. సెట్టింగ్స్‌లో దేశం దగ్గర ఇండియా అని పెట్టి, బిజీ టోన్ దగ్గర ఈ అంకెలు కొట్టాం. అప్పటినుంచి ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. అమెరికా వాళ్లది 480, 620 రెండూ కలిసిన మోత, అర సెకను ఆన్, అర సెకను ఆఫ్ అట.

భోజనం వేళ కాల్స్ ఇప్పుడు నా దగ్గర నాలుగుసార్లు మోగి కాటాకి వెళ్తున్నాయి. "ఒకటి నొక్కండి" పెట్టలేదు, మేడమ్ గారి పన్ను నొప్పి కథ పెద్దాయనకి చదివి వినిపించాను. రైతులు రేటు అడిగితే చెప్పడానికి కాటా బాబుకి పొద్దున్నే చీటీ రాసిస్తున్నాను.

మిగిలింది ఒక్కటే. ఇంజిన్ రూమ్‌లో ఫోన్ మోగితే కంప్రెసర్ల హోరుకి వినపడటం లేదు. ఆపరేటర్ ఫోన్ పక్కనే కూర్చోడు కదా. బెల్ సౌండ్ మొత్తం పెంచాం, లాభం లేదు.

క్రోన్_పెట్టె:

దానికి టెలిఫోన్ రింగర్ రిలే దొరుకుతుంది. ఫోన్ తీగకి పక్కనే తగిలిస్తారు, రింగ్ వచ్చినప్పుడు రిలే కొట్టుకుని కరెంటు హూటర్‌నో తిరిగే లైటునో ఆన్ చేస్తుంది. మీరు లైటు పెట్టండి. అంత హోరులో హూటర్ ఇంకో హోరు, పైగా అమ్మోనియా గ్యాస్ లీకు అలారం అనుకుని పరిగెత్తుతారు. అలారానికి ఎరుపు ఉంటుంది కాబట్టి దీనికి నీలం రంగు తీసుకోండి, కంప్రెసర్ ప్యానెల్‌కి ఎదురుగా తల ఎత్తు మీద బిగించండి. విజయవాడ వచ్చే పనుంటే చెప్పండి, నా దగ్గర పాతది ఒకటి పడి ఉంది, పనిచేస్తే మీదే.